పారిస్‌లో రాత్రి ఛాయాగ్రహణం

సూర్యాస్తమయం తరువాత వీధి దీపాలు, భవనాలపై పడే విద్యుద్దీపాల కాంతి, చంద్రకాంతి వంటి తక్కువ వెలుతురులో ఛాయాచిత్రాలు తీయడాన్ని రాత్రి ఛాయాగ్రహణం అంటారు. ఈ కళ చరిత్రలో ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరానికి ప్రత్యేకమైన స్థానం ఉన్నది. బ్రస్సాయ్ అనే ఛాయాగ్రాహకుడు 1933లో వెలువరించిన "పారీ ద నుయి" (రాత్రివేళ పారిస్) అనే పుస్తకం ఈ రంగంలో మార్గదర్శకంగా నిలిచింది. ఆయన పారిస్‌లో పుట్టినవాడు కాదు, ఛాయాగ్రాహకుడిగా శిక్షణ పొందినవాడూ కాదు. పరాయి దేశం నుండి వచ్చి, రాత్రుళ్ళు వీధులలో నడుస్తూ ఈ విద్యను నేర్చుకున్నాడు. నేడు కెమెరాతో పారిస్‌కు వెళ్ళే యాత్రికులకు కూడా ఈ నగరం రాత్రి ఛాయాగ్రహణాన్ని నేర్చుకొనడానికి అనువైన ప్రదేశం. నదీతీరం, పాత వంతెనలు, రాళ్ళు పరచిన వీధులు, దీపాలతో వెలిగే కట్టడాలు ఒకదానికొకటి నడిచి వెళ్ళగలిగినంత దగ్గరగా ఉండడం ఇందుకు ముఖ్య కారణం.

నేపథ్యం

పారిస్‌కు "దీపాల నగరం" అనే పేరు ఉన్నది. 1667లో 14వ లూయీ పాలనలో, నగర పోలీసు అధికారి లా రేనీ ఆధ్వర్యంలో వీధులలో కొవ్వొత్తుల లాంతర్లను ఏర్పాటు చేశారు. 1829లో గ్యాసు దీపాలు వీధులలోకి వచ్చాయి. 1878లో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఒపెరా అవెన్యూలో విద్యుత్ ఆర్క్ దీపాలను వెలిగించారు. ఈ మూడు రకాల దీపాల రంగు, తీవ్రత వేరు వేరు. రాత్రి ఛాయాచిత్రానికి దీపమే సూర్యుడు కాబట్టి, దీపం మారినప్పుడల్లా చిత్రం కూడా మారుతుంది.

ఛాయాచిత్ర కళ ప్రపంచానికి వెల్లడి అయినది కూడా పారిస్‌లోనే. 1839లో డగేర్ కనుగొన్న పద్ధతిని ఇక్కడ ప్రకటించారు. అంతకు ముందు సంవత్సరం ఆయన తీసిన "బులవార్ద్ దు తాంప్ల్" వీధి చిత్రం పగటిపూట తీసినదే అయినా, రాత్రి ఛాయాగ్రహణానికి మూలమైన ఒక సూత్రం అందులో కనబడుతుంది. ఆ చిత్రానికి కొన్ని నిముషాల పాటు కాంతి సోకవలసి వచ్చింది. అందువలన వీధిలో కదులుతున్న మనుషులు, బళ్ళు చిత్రంలో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన ఒక వ్యక్తి మాత్రం మిగిలాడు. ఎక్కువ సేపు తెరచి ఉంచిన కెమెరా కదిలేవాటిని చెరిపివేసి, నిలిచినవాటిని మాత్రమే ఉంచుతుంది.

తొలి ప్రయత్నాలు

1860ల తొలి సంవత్సరాలలో నాదార్ అనే ఛాయాగ్రాహకుడు పారిస్ భూగర్భంలోని శవాస్థికల సొరంగాలలో విద్యుద్దీపాల సహాయంతో చిత్రాలు తీశాడు. ఒక్కొక్క చిత్రానికి 18 నిముషాల వరకు పట్టేది. అంతసేపు మనుషులు కదలకుండా నిలబడలేరు కాబట్టి పనివారి స్థానంలో బొమ్మలను నిలబెట్టాడు.

1871లో ఆంగ్ల వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి పలకలు తరువాతి సంవత్సరాలలో మెరుగుపడి, ఆరుబయట రాత్రి చిత్రాలను సాధ్యం చేశాయి. 1890లలో లండన్‌లో పాల్ మార్టిన్, న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ రాత్రి వీధులను చిత్రించారు. పారిస్‌లో గాబ్రియేల్ లోప్పే 1902 జూన్ 3న ఈఫిల్ టవర్‌పై పిడుగు పడుతున్న దృశ్యాన్ని తీశాడు.

బ్రస్సాయ్

బ్రస్సాయ్ అసలు పేరు గ్యూలా హాలాస్. 1899లో అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బ్రస్సో పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ఇప్పుడు రుమేనియాలో బ్రషోవ్ అనే పేరుతో ఉన్నది. "బ్రస్సాయ్" అనగా బ్రస్సోకు చెందినవాడు అని అర్థం. బుడాపెస్ట్, బెర్లిన్ నగరాలలో చిత్రలేఖనం అభ్యసించి 1924లో పారిస్ చేరాడు. పత్రికలకు వ్యాసాలు వ్రాస్తూ జీవించేవాడు. మొదట్లో ఆయనకు ఛాయాగ్రహణం పట్ల గౌరవం లేదు. రాత్రంతా నగరంలో తిరగడం మాత్రం అలవాటు. తాను చూస్తున్న దృశ్యాలను మరొక విధంగా నిలుపలేనని తోచినప్పుడు కెమెరా చేపట్టాడు. తోటి హంగరీ దేశస్థుడు ఆంద్రే కెర్తేస్ స్నేహం ఇందుకు తోడ్పడినది.

ఆయన వాడినది గాజు పలకలతో పనిచేసే ఫోక్ట్‌లాండర్ కంపెనీ వారి బెర్గ్‌హైల్ కెమెరా. గాజు పలకలు బరువైనవి, పెళుసైనవి కాబట్టి ఒక రాత్రికి కొన్నింటిని మాత్రమే తీసుకువెళ్ళగలిగేవాడు. ఈ పరిమితి వలన ప్రతి చిత్రానికి ముందు చాలాసేపు చూసి, నిర్ణయించుకొనవలసి వచ్చేది. కాలాన్ని సిగరెట్లతో కొలిచేవాడన్న విషయం ప్రసిద్ధం. వెలుతురు ఒక మోస్తరుగా ఉంటే గోల్వాజ్ రకం సిగరెట్ కాలేంత సేపు, మరీ చీకటిగా ఉంటే లావుగా ఉండే బోయార్ రకం సిగరెట్ కాలేంత సేపు షట్టరు తెరచి ఉంచేవాడు.

దీపం నేరుగా చిత్రంలో పడితే దాని చుట్టూ తెల్లని మచ్చ ఏర్పడి మిగిలిన వివరాలను మింగివేస్తుంది. దీనిని నివారించడానికి బ్రస్సాయ్ దీపాన్ని చెట్టు కాండం వెనుకనో, గోడ మలుపు వెనుకనో దాచి, దాని కాంతి మాత్రమే కనబడేటట్లు నిలబడేవాడు. పొగమంచు, వాన ఆయనకు సహాయకులు. పొగమంచు దీపాల తీవ్రతను తగ్గించి కాంతిని అన్ని వైపులకు పరచుతుంది. తడిసిన రాళ్ళు కాంతిని ప్రతిఫలించి చీకటిగా ఉండే నేలకు ఆకారం ఇస్తాయి.

"పారీ ద నుయి" పుస్తకానికి రచయిత పాల్ మొరాన్ ముందుమాట వ్రాశాడు. ఇందులో 60కి పైగా చిత్రాలు ఉన్నాయి. అంచులు విడువకుండా పుట నిండా ముద్రించిన ఈ చిత్రాలలో నలుపు చాలా గాఢంగా ఉంటుంది. వీధి దీపాలను ఆర్పే పనివాడు, వంతెనలు, నిర్మానుష్యమైన వీధులు, నదీతీరం, రాత్రి పనిచేసే కూలీలు ఆ కాలంలో ఆయన తీసిన చిత్రాలలో కనబడతారు. బహిరంగంగా ప్రచురించడానికి వీలుకాని మరికొన్ని చిత్రాలు 1976లో మరొక పుస్తకంగా వచ్చాయి. అమెరికన్ రచయిత హెన్రీ మిల్లర్ ఆయనను "పారిస్ కన్ను"గా వర్ణించాడు. బ్రస్సాయ్ 1984లో మరణించాడు.

మూల సూత్రాలు

ఛాయాచిత్రంలో పడే కాంతిని మూడు అంశాలు నిర్ణయిస్తాయి. అవి లెన్సులోని రంధ్రం పరిమాణం (అపెర్చరు), షట్టరు తెరచి ఉంచే కాలం, ఫిల్ము లేదా సెన్సారు స్పందించే తీవ్రతను తెలిపే ఐ.ఎస్.ఓ. సంఖ్య. అపెర్చరు సంఖ్య పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/8 కంటే ఎఫ్/2 వద్ద 16 రెట్లు ఎక్కువ కాంతి లోపలికి వస్తుంది.

ఉదాహరణకు దీపాలతో వెలుగుతున్న ఒక కట్టడానికి ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8 వద్ద 4 సెకండ్లు అవసరమని అనుకుందాం. ఐ.ఎస్.ఓ.ను 1600కు పెంచితే కాలం 16వ వంతుకు, అనగా పావు సెకండుకు తగ్గుతుంది. దానితోపాటు అపెర్చరును ఎఫ్/2కు తెరిస్తే సెకండులో సుమారు 60వ వంతు సరిపోతుంది. అప్పుడు కెమెరాను చేతితో పట్టుకొని తీయవచ్చును. అయితే దీనికి రెండు నష్టాలు ఉన్నాయి. ఐ.ఎస్.ఓ. పెరిగిన కొద్దీ చిత్రంలో గరుకుదనం పెరుగుతుంది. అపెర్చరు పెద్దదైన కొద్దీ స్పష్టంగా కనబడే లోతు తగ్గుతుంది.

వివిధ సందర్భాలకు ఐ.ఎస్.ఓ. 100 వద్ద ప్రారంభించదగిన కొలతలు ఈ క్రింద ఇవ్వబడినవి. వీటిని మొదటి ప్రయత్నంగా మాత్రమే భావించి, ఫలితాన్ని చూసి మార్చుకోవాలి.

* సూర్యాస్తమయం తరువాతి నీలి వెలుగు: ఎఫ్/8, అర సెకండు నుండి 2 సెకండ్లు
* దీపాలతో వెలిగే కట్టడం: ఎఫ్/8, సుమారు 4 సెకండ్లు
* ఒకటి రెండు దీపాలున్న సన్నని వీధి: ఎఫ్/8, 15 నుండి 30 సెకండ్లు
* వాహనాల దీపాలు గీతలుగా పడడానికి: ఎఫ్/16, 10 నుండి 30 సెకండ్లు

ఫిల్ము వాడేవారు మరొక విషయం గమనించాలి. కాలం కొన్ని సెకండ్లు దాటిన తరువాత ఫిల్ము స్పందన తగ్గిపోతుంది. లెక్క ప్రకారం 10 సెకండ్లు చాలునన్నచోట అంతకంటే చాలా ఎక్కువ ఇవ్వవలసి రావచ్చు. డిజిటల్ సెన్సారులకు ఈ లోపం లేదు.

పరికరాలు

రాత్రి ఛాయాగ్రహణానికి ఖరీదైన కెమెరా కంటే స్థిరమైన ఆధారం ముఖ్యం. ట్రైపాడ్ ఉంటే ఐ.ఎస్.ఓ. పెంచకుండానే ఎంత సేపైనా షట్టరు తెరచి ఉంచవచ్చును. ట్రైపాడ్ లేనప్పుడు వంతెన పిట్టగోడ మీద మడిచిన కోటు ఉంచి, దానిపై కెమెరాను ఆనించవచ్చు. వేలితో బటను నొక్కితే కెమెరా కదులుతుంది కాబట్టి కేబుల్ రిలీజు గాని, 2 సెకండ్ల టైమరు గాని వాడాలి. చలికాలంలో బ్యాటరీలు త్వరగా బలహీనపడతాయి. అదనపు బ్యాటరీని లోపలి జేబులో, శరీరపు వెచ్చదనం తగిలేటట్లు ఉంచుకొనడం మంచిది.

చీకటిలో కెమెరా తనంతట తాను ఫోకస్ చేయలేక తడబడుతుంది. దూరాన ఉన్న దీపం అంచుపై ఫోకస్ చేసి, ఆ తరువాత దానిని మారకుండా మాన్యువల్‌కు మార్చాలి. దూరాన ఉన్న కట్టడాలకు ఫ్లాష్ వలన ప్రయోజనం లేదు, దాని వెలుగు కొద్ది మీటర్లకు మించి చేరదు.

2018 తరువాత అనేక మొబైల్ ఫోన్లలో రాత్రి చిత్రాల కోసం ప్రత్యేక విధానం వచ్చింది. ఫోను వెంటవెంటనే అనేక చిత్రాలు తీసి, వాటిని సరిపోల్చి, ఒకటిగా కలుపుతుంది. చేతితో పట్టుకొని తీసినా స్పష్టమైన చిత్రం వస్తుంది. అయితే నీడలను కూడా వెలుతురుగా మార్చడం వలన రాత్రి దృశ్యం పగటి దృశ్యంలా కనబడే అవకాశం ఉంది. అటువంటప్పుడు ఫోనులోనే వెలుతురును కొంత తగ్గించుకోవాలి.

నీలి వెలుగు వేళ

నేర్చుకొనేవారు పూర్తి చీకటితో కాక సంధ్యవేళతో ప్రారంభించడం మేలు. సూర్యుడు అస్తమించిన తరువాత ఆకాశం ముదురు నీలంగా మారుతుంది, అదే సమయంలో దీపాలు వెలుగుతాయి. ఆకాశపు వెలుతురు, దీపాల వెలుతురు దాదాపు సమానమైన ఆ కొద్ది నిముషాలలో కట్టడం ఆకారం, ఆకాశం, దీపం మూడూ చిత్రంలో నిలుస్తాయి. పూర్తిగా చీకటి పడితే పైకప్పులు నల్లని ఆకాశంలో కలిసిపోతాయి.

ఈ విషయంలో తెలుగు ప్రాంతాల నుండి వెళ్ళేవారికి ఒక సౌలభ్యం ఉన్నది. హైదరాబాదు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి అస్తమయం తరువాతి సంధ్యాకాలం 22 నుండి 25 నిముషాలలో ముగుస్తుంది. పారిస్ సుమారు 49 డిగ్రీల అక్షాంశానికి దగ్గరగా ఉన్నది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు. జూన్ నెలలో సంధ్య సుమారు 40 నిముషాల పాటు ఉంటుంది. చార్మినార్ వద్ద రెండు మూడు చిత్రాలకే ముగిసిపోయే వెలుగు, సీన్ నది ఒడ్డున ఒక వంతెన నుండి మరొక వంతెనకు నడిచేంత సేపు నిలుస్తుంది. అయితే జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి దాదాపు 10 గంటలకు జరుగుతుంది. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి, ఎక్కువసేపు మేలుకొనలేనివారికి, పిల్లలతో ప్రయాణించేవారికి చలికాలమే అనుకూలం.

చంద్రుడిని, కట్టడాన్ని ఒకే చిత్రంలో బంధించాలన్నా సంధ్యవేళే తగినది. పూర్ణచంద్రునికి ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8 వద్ద సెకండులో సుమారు 200వ వంతు చాలు. కట్టడానికి 4 సెకండ్లు కావాలి. అనగా 800 రెట్లు తేడా. అందువలన రాత్రి తీసిన చిత్రాలలో చంద్రుడు తెల్లని మచ్చగా పడతాడు. పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు సూర్యాస్తమయానికే చంద్రుడు తూర్పున పైకి వచ్చి ఉంటాడు, అప్పుడు ఈ తేడా తక్కువగా ఉంటుంది.

అభ్యాసానికి అనువైన ప్రదేశాలు

* పోన్ నెఫ్: 1607లో పూర్తయిన ఈ వంతెన నగరంలో నిలిచి ఉన్న వంతెనలలో అతి పాతది. పేరుకు "కొత్త వంతెన" అని అర్థం. కమానుల క్రింద నీటిలో దీపాల ప్రతిబింబాలు పడతాయి. ఎక్కువ సేపు షట్టరు తెరచితే నీటి అలలు నునుపుగా మారి, ప్రతిబింబాలు నిలువు చారలుగా సాగుతాయి.
* పోన్ దేజార్: కాలినడక వంతెన. దీని నేల చెక్కలతో చేసినది కాబట్టి మనుషులు నడిచినప్పుడు అదురుతుంది. జనం లేని క్షణం కోసం వేచి ఉండడాన్ని ఈ వంతెన నేర్పుతుంది.
* పోన్ అలెగ్జాండర్ III: 1900 నాటి అలంకృతమైన వంతెన. వరుసగా ఉన్న దీపస్తంభాలు దూరాన్ని, లోతును చూపడానికి ఉపయోగపడతాయి. ఎఫ్/11 లేదా ఎఫ్/16 వద్ద దీపాల నుండి నక్షత్రం వంటి కిరణాలు వస్తాయి. లెన్సు రంధ్రాన్ని మూసే రేకులు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసిసంఖ్యలో ఉంటే రెట్టింపు కిరణాలు కనబడతాయి.
* లూవ్ర్ ప్రాంగణం: 1989లో ప్రారంభమైన గాజు పిరమిడ్ లోపలి నుండి వెలుగుతుంది, చుట్టూ ఉన్న పాత రాజభవనం బయటి నుండి వెలుగుతుంది. రెండు రకాల కాంతిని సమన్వయపరచడానికి ఇది మంచి పాఠం.
* మోంమార్త్ర్ మెట్లు: గుట్టపైకి వెళ్ళే నిటారైన మెట్లు, ఇనుప కమ్మీలు, దీపస్తంభాలు. బ్రస్సాయ్ చిత్రాల వలన ఈ ప్రదేశం ప్రసిద్ధి చెందినది.
* సీన్ తీరం: విహార పడవల పెద్ద దీపాలు ఒడ్డున ఉన్న భవనాలపై ప్రాకుతూ పోతాయి. పడవ వచ్చినప్పుడు తీసిన చిత్రం, వెళ్ళిన తరువాత తీసిన చిత్రం పూర్తిగా వేరుగా ఉంటాయి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

మొదటిది, కెమెరా సూచించిన కొలతను అలాగే అంగీకరించడం. దృశ్యమంతా నలుపుగా ఉంటే కెమెరా దానిని బూడిదరంగుగా మార్చడానికి ప్రయత్నిస్తుంది. దీపాలు తెల్లగా పాలిపోతాయి. అటువంటప్పుడు ఒకటి రెండు మెట్లు తగ్గించి తీయాలి. రెండవది, కెమెరా తెరపై కనబడే చిత్రాన్ని నమ్మడం. చీకటికి అలవాటుపడిన కంటికి తెర ఎక్కువ ప్రకాశంగా తోస్తుంది. గదికి వెళ్ళి చూసుకుంటే చిత్రాలు నల్లగా ఉన్నట్లు తెలుస్తుంది. హిస్టోగ్రామ్ చూడడం దీనికి పరిష్కారం. మూడవది, రంగుల విషయం. సోడియం దీపాల కాంతి నారింజ రంగులో, ఎల్‌ఈడీ దీపాల కాంతి తెల్లగా ఉంటుంది. రెండూ ఒకే చిత్రంలో ఉన్నప్పుడు ఒకదానిని సరిచేస్తే రెండవది చెడుతుంది. రా పద్ధతిలో భద్రపరచుకుంటే ఈ నిర్ణయాన్ని తరువాత తీసుకొనవచ్చు.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్క రాత్రిలో నగరమంతా తీయాలని పరుగెత్తడం. ఒకే వంతెన వద్ద గంటసేపు నిలబడి, ఒకే దృశ్యాన్ని వేరు వేరు కాలాలతో తీసి, కొలతలను పుస్తకంలో వ్రాసుకున్నవారికి పది ప్రదేశాలు చుట్టినవారికంటే త్వరగా పట్టు చిక్కుతుంది. బ్రస్సాయ్‌కు గాజు పలకల బరువు నేర్పిన ఓర్పును, లెక్కలేనన్ని చిత్రాలు తీయగల నేటి వారు తమంతట తామే అలవరచుకోవాలి.

చట్టం, మర్యాదలు

ఈఫిల్ టవర్ విషయంలో ఒక విచిత్రమైన పరిస్థితి ఉన్నది. దానిని నిర్మించిన గుస్తావ్ ఈఫిల్ 1923లో మరణించాడు. 70 సంవత్సరాల గడువు 1993తో ముగిసినందున టవర్ ఆకృతిపై హక్కులు లేవు. కాని రాత్రి దీపాలంకరణ ఇటీవలి సృష్టి. 1985 డిసెంబరు 31న పియెర్ బిడో రూపొందించిన బంగారు రంగు దీపాలు, ఆ తరువాత వచ్చిన 20,000 మెరుపు దీపాలు ప్రత్యేక రచనగా పరిగణించబడుతున్నాయి. 1989 నాటి ఒక దీపాల ప్రదర్శనకు ఇటువంటి రక్షణ ఉన్నదని ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం 1992లో తీర్పు ఇచ్చింది. స్వంతానికి చిత్రాలు తీసుకొనడానికి ఆటంకం లేదు. వ్యాపారానికి వాడాలంటే మాత్రం టవర్ నిర్వాహక సంస్థ అనుమతి పొందాలి.

ఫ్రాన్సులో వ్యక్తుల స్వంత జీవితానికి చట్టపరమైన రక్షణ ఉన్నది. ఒక మనిషి ముఖం ప్రధానంగా కనబడే చిత్రాన్ని ప్రచురించే ముందు అతని అంగీకారం తీసుకోవాలి. ట్రైపాడ్‌తో దారికి అడ్డు రాకుండా నిలబడాలి. ఒంటరిగా తిరిగేటప్పుడు సంచిని కళ్ళ ముందు ఉంచుకొనడం, తిరుగు ప్రయాణానికి చివరి మెట్రో రైలు వేళ ముందుగా తెలుసుకొనడం అవసరం.

మారుతున్న వెలుగు

రాత్రి నగరం స్థిరమైన దృశ్యం కాదు. బ్రస్సాయ్ తీసిన గ్యాసు దీపాలు, వాటిని ఆర్పే పనివారు ఇప్పుడు ఆయన చిత్రాలలోనే ఉన్నారు. విద్యుత్తు పొదుపు కోసం 2022 సెప్టెంబరులో ఈఫిల్ టవర్ దీపాలను రాత్రి 11:45కే ఆర్పివేయాలని నిర్ణయించారు. అంతకు ముందు అవి అర్ధరాత్రి దాటిన తరువాత కూడా వెలిగేవి. 2019 ఏప్రిల్ 15న నోట్ర డామ్ కేథడ్రల్ అగ్నిప్రమాదంలో పైకప్పు, శిఖరం కూలిపోయాయి. పునర్నిర్మాణం తరువాత 2024 డిసెంబరులో అది తిరిగి తెరవబడినది. ప్రమాదానికి ముందు యాత్రికులు నది అవతలి ఒడ్డు నుండి తీసుకున్న సాధారణ రాత్రి చిత్రాలు, మళ్ళీ చూడలేని ఒక దృశ్యానికి సాక్ష్యాలైనాయి.

ఈ కారణం చేత చిత్రంతోపాటు తేదీ, సమయం, నిలబడిన చోటు వ్రాసి ఉంచుకొనడం మంచి అలవాటు. చీకటిని చీకటిగానే ఉంచి, ఆనాటి దీపం ఎంత మేరకు వెలిగించిందో అంతే చూపిన చిత్రం, తరువాతి కాలం వారికి ఆ రాత్రిని ఉన్నది ఉన్నట్లు తెలియజేస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఛాయాచిత్ర కళ
* బ్రస్సాయ్
* పారిస్
* సీన్ నది
* ఈఫిల్ టవర్
* సంధ్యాకాలం